పాటకు కావలసిన తెలుగు ప్రసంగానికి అక్కరలేదా?

దక్షిణాదిన ఏ సంగీతోత్సవానికైనా వెళ్ళి చూడండి. సాయంత్రం ఆరుగంటలు దాటిందంటే వేదికమీద తెలుగు రాజ్యం చేస్తూంటుంది. మొదట పాడే వర్ణం తెలుగు. తర్వాత వచ్చే త్యాగరాజ కృతి తెలుగు. శ్యామశాస్త్రి స్వరజతి, క్షేత్రయ్య పదం, చివరన వినిపించే జావళి, అన్నీ తెలుగే. అదే వేదికకు ఉదయంపూట రండి. విజ్ఞానంపై ఒక ప్రసంగం, వేదాంతంపై ఒక ప్రసంగం, సంస్కృతిపై మరొకటి జరుగుతూంటాయి. వాటిలో తెలుగు మాట ఒక్కటి వినబడితే అదృష్టమే. ఒకటి తమిళంలో సాగుతుంది, మరొకటి ఇంగ్లీషులో. వేదికా అదే, శ్రోతలూ వారే. పొద్దు గుంకితే గానీ మన భాషకు ఆ మెట్లెక్కే అర్హత రాదన్నమాట!

ఇది చిన్న విషయమని కొందరు మిత్రులు నాతో అన్నారు. బడులు మూతపడుతున్నాయి, పాఠ్యపుస్తకాలు అందడం లేదు, ఉపాధ్యాయుల ఖాళీలు నిండడం లేదు, ఇన్ని బాధలుండగా సంగీతసభల గొడవ మనకెందుకన్నారు. న్యాయవాదిగా ఇన్నేళ్ళుగా ఆ బడుల వ్యాజ్యాలే మోస్తున్నవాడిని కనుక వారి మాట నేను తేలికగా తీసుకోలేదు. అయినా ఈ విషయం చిన్నది కాదని నా మనవి. ఎందుకో చెబుతాను.

రెండేళ్ళ క్రిందట రాజపాళయం వైపు ఒక ఊళ్ళో సంగీతోత్సవానికి వెళ్ళాను. ఆ సభ పేరు చెప్పను. దాని నిర్వాహకులు చెడ్డవారు కారు. వారిలో కొందరు ఇంట తెలుగు మాట్లాడేవారే. నా పక్కన ఒక పెద్దమ్మ, ఆమె మనుమడు కూర్చున్నారు. పిల్లవాడికి పన్నెండేళ్ళుంటాయి. చేతిలో తమిళ లిపిలో అచ్చువేసిన కార్యక్రమ పత్రం ఉంది. గాయకుడు త్యాగరాజ కృతి ఎత్తుకున్నాడు. పిల్లవాడు దీని అర్థమేమిటని అడిగితే ఆమె చెవిలో మెల్లగా తెలుగులో చెప్పింది. వాడు ఆశ్చర్యంతో ఆమె మొగం చూసి, "ఇది మన ఇంటి మాటేనా అవ్వా?" అన్నాడు.

ఆ పిల్లవాడు ఊపిరి పోసుకున్ననాటినుంచీ తెలుగు వింటున్నాడు, మాట్లాడుతున్నాడు. త్యాగరాజు కీర్తనలనూ వింటున్నాడు. రెండూ ఒకే భాష అని వాడికి ఎవరూ చెప్పలేదు. ఇల్లు వేరు, సభ వేరు అని వాడి మనసులో గోడ కట్టింది ఎవరు? ప్రభుత్వమా? ఏ చట్టమైనా అలా చెప్పిందా? లేదు. ఆనాటి ఉదయం అదే సభలో మూడు ప్రసంగాలు జరిగాయి. గ్రహాలను గూర్చి ఒకటి, అద్వైతాన్ని గూర్చి ఒకటి, దేవాలయ సంస్కృతిని గూర్చి ఒకటి. ఆ మూడింటిలో ఒక్కటి తెలుగులో సాగి ఉంటే, ఇది బుద్ధిమంతులు నలుగురి ఎదుట మాట్లాడే భాష అని ఆ పిల్లవాడికి ఎవరూ చెప్పకుండానే తెలిసి ఉండేది.

నిర్వాహకులను అడిగాను. మూడు సమాధానాలు చెప్పారు. మూడింటినీ విచారిద్దాం.

మొదటిది: "ఇక్కడి తెలుగువారందరికీ తమిళం వచ్చు గదా!" వచ్చు. రావాలి కూడా. తమిళనాడు మన రాష్ట్రం, తమిళం మన రాష్ట్రభాష. మన పిల్లలు దానిని చక్కగా నేర్చుకోవాలి. ఆ భాషకు మనవారు చేసిన సేవ తక్కువా? కోవిల్పట్టి దగ్గరి ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ ఇంటి భాష తెలుగు, కలం భాష తమిళం. తెలుగువారి వలసకథను 'గోపల్ల గ్రామం'గా తమిళులకు చెప్పి, 1991లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొంది, 2021లో కన్నుమూశాడు. రాజపాళయంలో పుట్టిన పి.ఎస్. కుమారస్వామి రాజా 1949 నుంచి 1952 వరకు మద్రాసు రాష్ట్రాన్ని పాలించాడు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేముందు ఆస్తిపాస్తుల పంపకానికి 1949లో వేసిన విభజన సంఘానికి అధ్యక్షుడూ ఆయనే. ఇంట తెలుగు మాట్లాడుతూ తమిళనాట ప్రజానాయకుడై, రెండు వైపులవారినీ ఒక బల్లచుట్టూ కూర్చోబెట్టిన మనిషి. సొంత యింటిని కళల కోసం ఇచ్చివేస్తే అది గాంధీ కలై మన్రంగా నిలిచింది. ఇలాంటి ఊరివారిని తమిళ వ్యతిరేకులనడానికి ఎవరికి నోరు వస్తుంది?

అయితే తమిళం వచ్చు గనుక తెలుగు అక్కరలేదన్న వాదం ఎక్కడిది? ఆ లెక్కన ఇంగ్లీషు వచ్చినవారికి తమిళమూ అక్కరలేదనాలి. అలా అంటే తమిళ సోదరులు ఒప్పుకుంటారా? ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు. 1940ల్లో రాజా అన్నామలై చెట్టియార్ పూనికతో తమిళ ఇసై ఉద్యమం లేచింది. 1943లో మద్రాసులో తమిళ ఇసై సంఘం వెలసింది. వారి కోరిక ఏమిటి? తమ ఊళ్ళో జరిగే కచేరీలో తమకు అర్థమయ్యే భాషలో పాటలుండాలని. అప్పట్లో మన పండితులు కొందరు దాన్ని ఈసడించారు. సంగీతానికి భాషతో పనేమిటన్నారు. అది తప్పు. తమిళుల కోరిక న్యాయమైనది. వినేవాడికి తన భాషలో వినే హక్కు ఉందని వారు నిలబెట్టిన సూత్రాన్నే ఈనాడు మనం వారి ముందు పెడుతున్నాం.

రెండవ సమాధానం: "మీ తెలుగు ఇంట్లో మాట్లాడుకునేది. విజ్ఞానానికీ తత్త్వానికీ అందులో మాటలెక్కడివి?" ఈ మాట అన్నవాడు తమిళుడు కాదు, తెలుగువాడు. అందుకే నాకు ఎక్కువ బాధ కలిగింది. ఆయన కూర్చున్న కుర్చీకి వంద కిలోమీటర్లలోపు ఏమేమి జరిగిందో ఆయనకు తెలియదు.

ఒకవైపు మధుర. పదునెనిమిదవ శతాబ్దపు తొలినాళ్ళలో విజయరంగ చొక్కనాథుడు అక్కడ ఏలుతూ తానే తెలుగు వచనంలో మాహాత్మ్య గ్రంథాలు వ్రాశాడు. ఆయన కొలువులోని సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడు జైమినీ భారతాన్ని వచనంలో వ్రాశాడు. పద్యానికి తోకగా బ్రతికిన తెలుగు వచనం తన కాళ్ళమీద తాను నిలబడి నడిచింది ఆ మధుర సీమలోనే. మాట్లాడే తెలుగుకు, వివరించే తెలుగుకు పుట్టినిల్లు వంటి చోటది.

మరొకవైపు ఎట్టయాపురం. ముత్తుస్వామి దీక్షితులు 1835లో తుదిశ్వాస విడిచింది అక్కడే. ఆ వంశంవాడైన సుబ్బరామ దీక్షితులు 1904లో ఆ సంస్థానంలోనే 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'ని అచ్చువేయించాడు. రాగలక్షణాలు, గమకాలు, వాగ్గేయకారుల చరిత్రలు, వందల రచనలకు స్వరలిపి, అన్నీ ఉన్న మహాగ్రంథమది. కర్ణాటక సంగీతశాస్త్రాన్ని చదివే ప్రతివాడూ నేటికీ దానిని ముట్టక తప్పదు. అది ఏ భాషలో ఉంది? తెలుగులో! సుబ్బరామ దీక్షితులు తమిళనాటి బ్రాహ్మణుడు. అచ్చయినది తమిళనాడు దక్షిణపు కొసన. ఆయన శాస్త్రం చెప్పడానికి తెలుగును ఎన్నుకున్నాడు. తమిళ పాఠకుల కోసం దానిని తరువాతి కాలంలో మద్రాసు సంగీత అకాడమీ తమిళంలోకి తెచ్చింది. 1904లో ఎట్టయాపురంలో శాస్త్రం చెప్పగలిగిన తెలుగు, ఇన్నేళ్ళు గడిచేసరికి రాజపాళయంలో ఎలా మూగబోయింది?

విజ్ఞానానికి మాటలు లేవంటారా? 1906లో కొమర్రాజు లక్ష్మణరావు మిత్రులతో కలిసి విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పాడు. కొన్నాళ్ళకే అది మద్రాసు చేరి, చరిత్రనూ ప్రకృతి శాస్త్రాలనూ తెలుగులో అచ్చువేసింది. మన కాలంలో కొడవటిగంటి రోహిణీప్రసాద్ ఉన్నాడు. ఆయన అణుశాస్త్రవేత్త, సితార్ వాద్యకారుడు. విశ్వం పుట్టుక, జీవపరిణామం, రాగాల పోలికలు, అన్నిటినీ నిరాడంబరమైన తెలుగులో వ్రాసి 2012లో వెళ్ళిపోయాడు. శ్రీపాద పినాకపాణి వైద్యశాస్త్ర ఆచార్యుడు. 'సంగీత సౌరభం' సంపుటాలతో దాదాపు వందేళ్ళ నిండు జీవితాన్ని సార్థకం చేసుకున్నాడు. సంగీతోత్సవంలో విజ్ఞాన ప్రసంగమంటే ఇలాంటివారి పేర్లు మనకు మొదట తట్టవద్దా?

తత్త్వానికి మాటలు లేవనడం మరీ విడ్డూరం. సంగీతజ్ఞానమూ భక్తీ లేనివారికి ముక్తి ఉంటుందా అని త్యాగరాజు సారమతి రాగంలో ప్రశ్న వేశాడు. ఏ భాషలో వేశాడు? హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు కాలికి గజ్జె కట్టి రాత్రంతా పాడుతూ, ఆడుతూ, నడుమ నడుమ వేదాంతం, లోకనీతి, ఎత్తిపొడుపు కలిపి జనానికి అందించాడు. ఒకే వేదికమీద సంగీతాన్నీ ప్రసంగాన్నీ నడపడమన్నది మనకు ఎవరో కొత్తగా నేర్పిన విద్య కాదు.

ఇంకా సందేహముంటే, మాటలు చాలుతాయో లేదో ఇక్కడే పరీక్షిద్దాం. తంబురానే తీసుకోండి. తీగను మీటితే ఒక్క స్వరమే పలకదు. తీగ నిలువెల్లా ఊగుతుంది. అదే సమయంలో సగాలుగా, మూడోవంతులుగా, నాలుగోవంతులుగా కూడా ఊగుతుంది. ఆ చిన్న ఊపులు మూలస్వరానికి రెండింతల, మూడింతల, నాలుగింతల వేగంతో కంపిస్తూ దానితో కలిసి మన చెవికి చేరుతాయి. వీటిని అనుస్వరాలంటారు. ఒక్కొక్క అనుస్వరానికి తీగమీద కదలని చోట్లు ఉంటాయి. సరిగ్గా ఆ చోట మీటితే ఆ అనుస్వరం పలకకూడదని ఐరోపా శాస్త్రజ్ఞుల సూత్రం. చంద్రశేఖర వేంకట రామన్ తంబురానూ వీణనూ పరిశీలించి, వీటిలో ఆ అనుస్వరాలు కూడా వినబడుతున్నాయని 1921లో ప్రకటించాడు. దానికి కారణం గుఱ్ఱం, అంటే తీగను మోసే మెట్టు. వయొలిన్‌లో దాని అంచు సన్నగా ఉంటుంది. తంబురాలో పైభాగం వెడల్పుగా, కొద్దిగా వంపు తిరిగి ఉంటుంది. ఊగే తీగ ఆ వంపును తాకుతూ, వీడుతూ ఉంటుంది. తీగక్రింద మనం దూర్చే నూలుపోగు ఆ తాకిడిని సరిచేసి నాదానికి జీవం పోస్తుంది.

ఇందులో తెలుగు ఎక్కడైనా చాలక ఆగిపోయిందా? రాజపాళయంలో ఇంటి తెలుగు తప్ప మరో తెలుగు ఎరుగని పెద్దమ్మకు ఇందులో అర్థంకాని మాటలెన్ని? ఉంటే రెండో మూడో. వాటిని వేదికమీది మనిషి వివరిస్తాడు. తమిళులు కూడా తంబురా మెట్టును 'కుదిరై' అనే అంటారు. వారి గుఱ్ఱమూ మన గుఱ్ఱమూ ఒకటే. మాటలు లేవన్నది అబద్ధం. వాడడం మానుకున్నామన్నది నిజం. వాడని కత్తికి తుప్పు పడితే ఇనుమును నిందించి లాభమేమిటి?

మూడవ సమాధానం: "తెలుగు ప్రసంగం పెడితే తమిళ శ్రోతలు లేచిపోతారు." రెండున్నర గంటలు తెలుగు పాటను తలలూపుతూ వినే రసికులు నలభై నిమిషాల తెలుగు మాటకు లేచిపోతారా? నేను నమ్మను. తంజావూరు దగ్గరి మెలట్టూరులో ఏటేటా నరసింహ జయంతికి వేంకటరామశాస్త్రి తెలుగు నాటకాలను భాగవతమేళంగా ఆడుతారు. చూసేవారు చాలామంది తమిళులే. ఎవరూ లేచిపోవడం లేదు. కావాలంటే ప్రసంగం చివర ఐదు నిమిషాలు తమిళంలో సారాంశం చెప్పించండి. ఆ మర్యాద మనం తప్పక పాటించాలి.

ఇక చట్టం మాట. రాజ్యాంగంలోని 29వ అధికరణం తనకంటూ వేరే భాష, లిపి, సంస్కృతి గల ప్రతి పౌరవర్గానికీ దానిని కాపాడుకునే హక్కు ఇచ్చింది. భాషను కాపాడుకునే హక్కులో దానికోసం ఉద్యమించే హక్కు కూడా ఉందని సుప్రీంకోర్టు 1964లో జగ్‌దేవ్ సింగ్ సిద్ధాంతి కేసులో చెప్పింది. 1971లో డి.ఎ.వి. కళాశాల కేసులో ఇంకొక గొప్ప మాట అన్నది: భాషా అల్పసంఖ్యాకులనిపించుకోవడానికి వేరే మాట్లాడే భాష ఉంటే చాలు, వేరే లిపి ఉండనక్కరలేదు. రాజపాళయం తెలుగు కుటుంబాలు ఈ మాటను గోడమీద వ్రాసి పెట్టుకోవాలి. "మాకు తెలుగు చదవను వ్రాయను రాదు, మేమేం తెలుగువాళ్ళం?" అని తల వంచుకునేవారిని నేను ఎందరినో చూశాను. మీరు తమిళ లిపిలో తెలుగు వ్రాసుకున్నా తెలుగువారే. అత్యున్నత న్యాయస్థానం లెక్కలోనూ తెలుగువారే. 2011 జనగణనలో తమిళనాట తెలుగును మాతృభాషగా చెప్పుకున్నవారు 42 లక్షల పైచిలుకు, జనాభాలో 5.87 శాతం. ఆ లెక్కలో చదువు వచ్చినవారూ ఉన్నారు, రానివారూ ఉన్నారు.

అయితే న్యాయవాదిగా నిజం చెప్పాలి. ఈ హక్కులు ప్రధానంగా ప్రభుత్వంమీద పనిచేస్తాయి. 1956లో చేర్చిన 350ఎ అధికరణం ప్రాథమిక విద్యను గూర్చి రాష్ట్రాన్ని అడగడానికి పనికివస్తుంది. 2006 నాటి తమిళ అభ్యసన చట్టంమీద మనవారు న్యాయస్థానాలచుట్టూ ఏళ్ళతరబడి తిరిగారు. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ ఏటి పదవ తరగతి తమిళ పరీక్షనుంచి అల్పసంఖ్యాక భాషల పిల్లలకు మినహాయింపునిచ్చింది. ఏడాదికొక మినహాయింపుకోసం ఇంత పోరాటం! కాని సొంత డబ్బుతో నడిచే సంగీతసభను తెలుగు ప్రసంగం పెట్టమని ఏ న్యాయమూర్తీ ఆజ్ఞాపించలేడు. ఇక్కడ రిట్టు చెల్లదు. ఇక్కడ ప్రతివాది ప్రభుత్వం కాదు. ప్రతివాది మనమే.

ఈ మాట చేదుగా ఉంటే క్షమించండి. చాల ఊళ్ళలో ఈ ఉత్సవాలకు చందాలిచ్చేది మనవారు. మొదటి వరుసలో కూర్చునేది మనవారు. విద్వాంసులకు శాలువలు కప్పేది మనవారు. ఆహ్వానపత్రం తయారవుతున్నప్పుడు "ఒక ప్రసంగం తెలుగులో ఉండనీయండి" అనే ఆ ఒక్క మాట అనడానికి మాత్రం ఎవరికీ నోరు రాదు. బడి లేదని సర్కారును నిందించే అర్హత మనకు నిలవాలంటే, మన చేతిలో ఉన్న వేదికమీద మన భాషకు ముందు పీట వేయాలి.

హోసూరులో, తిరుత్తణిలో, కోలారులో, బళ్ళారిలో ఈ పత్రిక చదువుతున్న సోదర సోదరీమణులారా! రాజపాళయం మీకు దూరపు ఊరనిపించవచ్చు. మీకు ఇంకా తెలుగు బడులున్నాయి, పత్రిక చదివే అలవాటుంది, గడప దాటి కొంతదూరం వెళ్తే తెలుగునాడుంది. రాజపాళయానికి అవేవీ లేవు. తరతరాలుగా ఒంటరిగా ఇంటి తెలుగును కాపాడుకుంటూ వచ్చింది. భాష మొదట కచేరీనుంచి, తర్వాత బడినుంచి, తర్వాత సభనుంచి తొలగి చివరకు వంటింటికి చేరుతుంది. ఆ దారిలో వారు మనకంటె ముందున్నారు, అంతే. మనం అదే దారిలో ఉన్నాం. వారి సభలో తెలుగు ప్రసంగం తిరిగి మొదలయితే, మనకు వెనుదిరిగే దారి కనబడుతుంది.

మా కోరికలు నాలుగే. తెలుగువారు గణనీయంగా ఉన్న ఊళ్ళలో జరిగే సంగీతోత్సవాలలో, ప్రసంగాలుంటే కనీసం ఒకటి తెలుగులో ఉండాలి. తెలుగు కృతి పాడేముందు దాని భావాన్ని తమిళంతోబాటు తెలుగులోనూ రెండు ముక్కల్లో చెప్పాలి. కార్యక్రమ పత్రంలో తెలుగు కృతుల పేర్లను తమిళ లిపితోబాటు తెలుగు లిపిలోనూ అచ్చువేయాలి. ఏడాదికొకసారైనా ఆ ఊరి పిల్లలచేత, వారి ఇంటి తెలుగులోనే, పది నిమిషాలు మాట్లాడించాలి. యాసను ఎవరూ వెక్కిరించకూడదు. ఆంధ్ర, తెలంగాణ విశ్వవిద్యాలయాల ఆచార్యులు రవాణా ఖర్చులు ఇస్తే వస్తారు. ఆ ఖర్చు ఒక విద్వాంసుని శాలువకు మించదు.

ఈ నాలుగింటిలో ఏదీ తమిళానికి అపకారం చేయదు. ఏదీ కోర్టు గుమ్మం తొక్కించదు. ఈ ఏడు మీ ఊరి ఉత్సవానికి చందా అడగడానికి వచ్చినవారిని కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, చందా చేతిలో పెట్టేముందు అడగండి: "తెలుగు ప్రసంగం ఏ రోజున?" జవాబు వచ్చేదాకా చేయి చాపకండి.

ఆ పన్నెండేళ్ళ పిల్లవాడు వచ్చే ఏడు కూడా సభకు వస్తాడు. అవ్వ పక్కన కూర్చుంటాడు. వేదికమీద ఎవరైనా గ్రహాలను గూర్చో తంబురాను గూర్చో అవ్వ మాటలతో మాట్లాడడం వాడు వినాలి.